లీటరు బాటిల్‌తో వందసార్లు ఎత్తినా చేతులు ఎందుకు మారడం లేదు?

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే చేతికో లీటరు నీళ్ల బాటిల్ పట్టుకుని, మోచేయి మడిచి వందేసి సార్లు ఎత్తుతున్నా చేతులు మారలేదు. ఈమధ్య కుడి మోచేయి బయటి వైపు నొప్పి మొదలైంది. జబ్బల కింద వేలాడే కొవ్వు ఎలా తగ్గుతుంది? 62 ఏళ్ల మీ అమ్మగారు కూడా చేస్తానంటున్నారు, చేయొచ్చా? జిమ్‌కు వెళ్లే వీలు లేదు, డంబెల్స్ కొనరు, ఇంట్లో ఉన్నవాటితోనే పని జరగాలి.

పదిహేనేళ్లకు పైగా జనం చేత వ్యాయామం చేయిస్తున్నాను. వాళ్లలో చాలామంది ఇళ్లలోనే చేసేవాళ్లు, ఇనుప ముక్క ముట్టుకోనివాళ్లు. కాబట్టి మొదట ఒక మాట చెబుతాను. మీ శ్రద్ధలో లోపం లేదు. రెండు నెలలు రోజూ మానకుండా చేసేవాళ్లు నాకు అరుదుగా కనబడతారు. లోపం లెక్కలో ఉంది. మీ మోచేతి నొప్పికి మూలం కూడా బహుశా ఆ లెక్కలోనే ఉంది.

రేపు పొద్దున ఒక పని చేయండి. వందో సారి ఎత్తాక ఆగకుండా ఇంకా ఎన్నిసార్లు ఎత్తగలరో చూడండి. ఇంకో ముప్పై, నలభై వచ్చేస్తే మీ కండకు ఇంతవరకూ పెరగాల్సిన అవసరమే రాలేదన్నమాట. చేతిలో ఉన్నది డంబెలా, బాటిలా, పుస్తకాల సంచా అన్నది కండకు తెలియదు. తనమీద ఎంత లాగుడు పడుతోంది, తన సత్తా అయిపోయే దాకా పని చేయాల్సి వస్తోందా లేదా, అంతే తెలుస్తుంది. బరువు మరీ ఎక్కువ ఉండక్కర్లేదు. ఒక సెట్‌లో, అంటే మధ్యలో ఆగకుండా చేసే ఒక విడతలో, 6 సార్లు ఎత్తి అలసిపోయే బరువైనా, 30 సార్లకు అలసిపోయే బరువైనా కండ పరిమాణం దాదాపు ఒకేలా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. షరతు ఒక్కటే, సెట్ చివరికి వచ్చేసరికి ‘ఇంకో రెండు మాత్రమే వస్తాయి’ అనిపించాలి. బలం మాత్రం, అంటే ఒక్కసారిగా పెద్ద బరువు ఎత్తే శక్తి, బరువు పెంచితేనే బాగా పెరుగుతుంది.

మీరు చేస్తున్న పొరపాటుకు పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు కండలు తిరిగి రప్పించడానికి అప్పట్లో తేలిక బరువుతో చాలాసార్లు చేయించేవారు. అమెరికా సైన్యంలో డాక్టరైన థామస్ డెలార్మ్ దాన్ని తిరగేశాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత బరువు ఇచ్చి, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుకుంటూ పోయాడు. 1945లో ఆ పద్ధతి గురించి రాశాడు. మొదట్లో ఏడు నుంచి పది సెట్లు చేయించినవాడు, 1948 నాటికి మూడు సెట్లు చాలన్నాడు. ఇవాళ ఎక్కడ చూసినా వినబడే ‘పదేసి చొప్పున మూడు సెట్లు’ చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. ఇందులో మీకు పనికొచ్చే ముక్క, బరువు పెంచుకుంటూ పోవడం.

ఇంట్లో వస్తువులతో చేసేటప్పుడు అసలు చిక్కు అక్కడే వస్తుంది. డంబెల్ మీద అంకె రాసి ఉంటుంది, సంచి మీద ఉండదు. ఇవాళ సంచిలో ఏం పెట్టామో రేపటికి గుర్తుండదు. అందుకే నేను మొదట తయారు చేయించేది బరువులు కావు, బరువుల లెక్క.

నీళ్ల లెక్క అందరికీ తెలిసిందే, లీటరుకు కిలో. మూత గట్టిగా ఉన్న 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, పైన పిడి ఉన్నది ఒకటి దొరికితే సగం పని అయిపోయినట్టే. ఒక మగ్గుతో అర లీటరు కొలిచి పోస్తూ డబ్బా మీద మార్కర్‌తో గీతలు పెట్టుకోండి. 2, 2.5, 3, 3.5 అలా. నిజానికి ఈ విషయంలో డబ్బా డంబెల్ కంటే నయం. డంబెల్స్‌లో ఒక సైజు నుంచి పై సైజుకు వెళ్లాలంటే ఒకటి రెండు కిలోలు ఒక్కసారిగా పెరుగుతాయి. 4 కిలోల నుంచి 6 కిలోలంటే సగానికి సగం ఎక్కువ, చేతులు ఒప్పుకోవు. డబ్బాలో అర కిలో, కావాలంటే పావు కిలో కూడా పెంచుకోవచ్చు.

సగం నిండిన డబ్బాలో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. కొందరు దీన్ని ‘ఇంకా మంచిది, చిన్న కండలు కూడా పనిచేస్తాయి’ అంటారు. మణికట్టు, మోచేయి బాగున్నవాళ్లకు నష్టం లేదు గానీ, నొప్పి ఉన్న చేతికి నేను ఇవ్వను. ఇసుక దొరికితే ఇసుక పోయండి, కదలదు. ఎండు ఇసుక లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది కాబట్టి అదే బాటిల్ ఒకటిన్నర రెట్లు బరువవుతుంది.

పెద్ద బరువులకు బ్యాక్‌ప్యాక్ కంటే మంచిది నాకు కనబడలేదు. పుస్తకాలు, నీళ్ల బాటిళ్లు ఏవైనా పెట్టి, ఖాళీలో పాత బట్టలు కుక్కి, లోపల ఏదీ దొర్లకుండా జిప్ వేయండి. బరువు చూసే మిషన్ ఉంటే ముందు మీరొక్కరే ఎక్కి, తర్వాత సంచి వీపున వేసుకుని ఎక్కి, తేడా చూసుకోండి. మిషన్ లేకపోతే పుస్తకాలు తీసేసి నీళ్ల బాటిళ్లే పెట్టండి, లీటర్లు లెక్కపెడితే చాలు. ఆ అంకెను ఒక కాగితం మీద రాసి సంచికి అంటించండి.

ఎత్తే ముందు సంచి పిడి కుట్టు లాగి చూడండి. ఈ సలహా నా పాదం చెబుతోంది. చాలా ఏళ్ల కిందట ఒక పాత సంచిలో లావుపాటి పుస్తకాలు నింపి తలపైకి ఎత్తబోతుంటే, నడుం దగ్గర ఉండగానే పిడి తెగింది. కాలి బొటనవేలి గోరు ఊడి, నెలన్నర చెప్పులతోనే తిరిగాను. అదే తలపైన తెగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోను. కూరగాయల ప్లాస్టిక్ కవర్లు, గాజు సీసాలు, తడి చేత్తో పట్టుకునే ఏ వస్తువైనా వద్దు. గ్యాస్ సిలిండర్ ఎత్తి వీడియోలు పెట్టేవాళ్లున్నారు, అది అసలు వద్దు. చిన్నపిల్లల్ని ఎత్తి చేయడం సరదాగా ఉంటుంది కానీ, వాళ్లు కదలకుండా ఉండరు, మీరు వదలడానికీ ఉండదు.

ఇప్పుడు చేతి సంగతి. చేతుల కండలంటే అందరూ ముందు చేయి మడిచి చూపించేది బైసెప్స్. మోచేతిని మడవడం, అరచేతిని పైకి తిప్పడం దాని పని. దాని అడుగున బ్రేకియాలిస్ అని ఇంకో కండ ఉంది, అరచేయి ఎటు తిరిగి ఉన్నా అది మోచేతిని మడుస్తుంది. జబ్బ వెనక ఉన్నది ట్రైసెప్స్, మోచేతిని చాపేది. జబ్బలో సగానికి పైగా కండ ఇదే. మీరు చెప్పిన వ్యాయామంలో దానికి దాదాపు పనే లేదు. బాటిల్ ఎత్తేటప్పుడు బైసెప్స్ ఎత్తుతుంది, దించేటప్పుడూ బైసెప్సే ఆపుతూ దించుతుంది. అంటే రెండు నెలలుగా మీ జబ్బలో పెద్ద భాగం ఊరికే చూస్తూ కూర్చుంది. నా మొదటి రెండేళ్లు నేనూ ఇదే చేశాను, అద్దంలో ముందు వైపే కనబడుతుంది కదా.

ఇంకో సంగతి తెలిస్తే బరువు ఎలా పట్టుకోవాలో మీకే అర్థమవుతుంది. బైసెప్స్ ముంజేతి ఎముకకు అతుక్కునేది మోచేతి కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో. అరచేతిలో బరువు ఉండేది సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో. తలుపును గడియ దగ్గర కాకుండా బందు దగ్గర పట్టుకుని తోసినట్టు ఉంటుంది కండ పరిస్థితి. ముంజేయి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు చేతిలో 5 కిలోలుంటే మోచేతిని మడిచే కండలు దాదాపు 35 కిలోల లాగుడు పెట్టాలి. చేయి పూర్తిగా కిందికి వేలాడుతున్నప్పుడూ, పూర్తిగా మడిచి భుజం దగ్గరికి తెచ్చినప్పుడూ ఆ భారం బాగా తగ్గిపోతుంది. అందుకే ఊపుతో మధ్యలోంచి దాటించేస్తే కష్టమైన చోటే తప్పించుకున్నట్టు. దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దించండి. వందసార్లు చేసేవాళ్లెవరూ అలా దించరు, దించితే వంద రావు.

ఏం చేయాలో చెబుతాను. మొత్తం అయిదే.

మొదటిది పుషప్. ‘నేను బరువులు అడిగితే పుషప్ చెబుతాడేంటి’ అనుకోకండి. ఇంట్లో ఉన్న వస్తువులన్నింటిలో బరువైనది మీ ఒళ్లే. మామూలు పుషప్‌లో ఒంటి బరువులో దాదాపు 64 శాతం చేతుల మీద పడుతుంది. మోకాళ్లు ఆనించి చేస్తే సుమారు 49 శాతం, చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి బల్ల మీద పెట్టి చేస్తే సుమారు 41 శాతం. మీ బరువు 60 కిలోలనుకుంటే ఇవి వరసగా 38, 29, 25 కిలోలు. లీటరు బాటిల్ పక్కన ఈ అంకెలు పెట్టి చూసుకోండి. నేల మీద రాకపోతే గోడ దగ్గర మొదలుపెట్టండి, తర్వాత వంటగది గట్టు, తర్వాత మెట్లు. మెట్లు ఇందుకు భలే పనికొస్తాయి, ఒక్కో మెట్టు దిగేకొద్దీ బరువు పెరుగుతుంది, కొలతకు కొలత. చేతులు భుజాల వెడల్పులోనే ఉంచి, మోచేతులు పక్కలకు దగ్గరగా పోనిస్తే ట్రైసెప్స్‌కు వాటా ఎక్కువ వస్తుంది. నేల మీద 20 సులువుగా వచ్చేశాక వీపున బ్యాక్‌ప్యాక్ వేసుకోండి. అది తల వైపు జారకుండా నడుం పట్టీ బిగించాలి.

రెండోది సంచి లాగడం, జిమ్‌లో రో అంటారు. ఒక చేయి కుర్చీ మీద ఆనించి, నడుం నిటారుగా ఉంచి ముందుకు వంగి, రెండో చేత్తో సంచిని నేల నుంచి తుంటి వైపు లాగండి. చెవి వైపు లాగితే మెడ పట్టేస్తుంది. ఇది వీపు వ్యాయామం అంటారు, నిజమే, కానీ మోచేయి మడవకుండా లాగడం కుదరదు కదా. మీరు బాటిల్‌తో చేస్తున్న కర్ల్‌లో, అంటే మోచేయి మడిచి ఎత్తడంలో, ఎత్తలేనంత బరువు ఇక్కడ బైసెప్స్ మీద పడుతుంది. దీన్ని వదిలేసి పుషప్స్ మాత్రమే చేస్తూ పోతే భుజాలు ముందుకు వంగిపోయినట్టు అవుతాయి.

మూడోది కర్ల్, మీరు చేస్తున్నదే. బాటిల్ బదులు డబ్బా పిడి పట్టుకోండి. అరచేయి ముందుకు తిరిగి ఉండాలి, మోచేయి పక్కటెముకలకు అంటి ఉండాలి. నడుం వెనక్కి వంగుతోందంటే బరువు ఎక్కువైనట్టు. వీపు గోడకు ఆనించి చేస్తే ఆ దొంగతనం దానంతటదే ఆగిపోతుంది. ఒక రోజు అరచేతులు ముందుకు పెట్టి డబ్బాతో, ఇంకో రోజు బ్యాక్‌ప్యాక్‌ను రెండు పక్కలా పట్టుకుని అరచేతులు ఎదురెదురుగా ఉంచి చేయండి. రెండో పద్ధతిలో అడుగున ఉన్న బ్రేకియాలిస్‌కు, ముంజేతికి ఎక్కువ పని పడుతుంది.

నాలుగోది తల వెనక ట్రైసెప్స్. కుర్చీలో కూర్చుని సంచిని రెండు చేతులతో తలపైకి ఎత్తి, మోచేతులు పైకే చూస్తుండగా ముంజేతుల్ని మాత్రం వెనక్కి దించి మళ్లీ ఎత్తండి. ట్రైసెప్స్‌కు మూడు పాయలుంటాయి, వాటిలో పొడవాటిది భుజం కీలును కూడా దాటి వెళుతుంది. చేయి పైకెత్తితేనే అది పూర్తిగా సాగుతుంది, పుషప్‌లో అంత సాగదు. ఇక్కడ బరువు చాలా తక్కువతో మొదలుపెట్టండి, 2 కిలోలు చాలు. నా బొటనవేలి కథ గుర్తుంచుకుని ఇక్కడ సంచి వద్దనిపిస్తే, మూత బిగించిన ప్లాస్టిక్ బాటిల్‌ను రెండు చేతులతో పట్టుకోండి.

కుర్చీ అంచు మీద చేతులు వెనక్కి పెట్టి కిందికి దిగే డిప్స్ గురించి అడుగుతారని తెలుసు. ఇంటి వ్యాయామాల వీడియోలన్నిట్లో అదే. నేను చెప్పను. చేతులు ఒంటికి వెనక ఉండగా బరువు దిగేసరికి భుజం ముందు భాగం బాగా సాగిపోతుంది, పైగా కుర్చీ జారుతుంది. ఇరుకు పుషప్, తల వెనక ట్రైసెప్స్ ఉండగా దాని అవసరం ఏముందో నాకర్థం కాదు.

అయిదోది మోసుకుని నడవడం. రెండు చేతుల్లో సమాన బరువున్న బకెట్లో సంచులో పట్టుకుని, భుజాలు దిగజారకుండా అర నిమిషం నుంచి నిమిషం దాకా ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. పిడికిలికి, ముంజేతికి ఇంతకంటే మంచి వ్యాయామం లేదు. బకెట్ పిడి సన్నగా ఉండి వేళ్లు కోస్తుంటే టవల్ చుట్టండి.

టవల్ అంటే గుర్తొచ్చింది. ప్రయాణంలో ఏ వస్తువూ లేనప్పుడు కుర్చీలో కూర్చుని, పొడవాటి టవల్‌ను పాదం కిందుగా వేసి రెండు కొసలూ ఒక చేత్తో పట్టుకుని కర్ల్ చేయొచ్చు. కాలితో కిందికి తొక్కుతూ ఎంత కావాలంటే అంత బరువు పెట్టుకోవచ్చు. కండకు పని బాగానే పడుతుంది, కానీ ఎంత పెట్టామో అంకె ఉండదు. అందుకే రోజువారీకి వద్దంటాను.

వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ. రోజూ చేయడం మానేయండి, కండ పెరిగేది ఆ ఖాళీలోనే. ముందు అయిదు నిమిషాలు చేతులు తిప్పి, ఖాళీ సంచితో ఒక సెట్ చేసి ఒళ్లు వేడెక్కించండి. తర్వాత ఒక్కో దానికి రెండు సెట్లు, మూడో వారం నుంచి మూడు. మధ్యలో ఒకటిన్నర, రెండు నిమిషాలు ఆగండి. ఒక సెట్‌లో 8 నుంచి 15 మధ్య పడే బరువు ఎంచుకోండి. మూడు సెట్లలోనూ 15 వచ్చేసి, ఆ తర్వాతి సారి కూడా 15 వచ్చిందంటే డబ్బాలో అర లీటరు కలపండి. మళ్లీ 9కో 10కో పడిపోతారు, పడిపోవాలి కూడా. అక్కడి నుంచి మళ్లీ 15 దాకా. ఏ రోజు ఏ బరువుతో ఎన్నిసార్లో ఒక నోట్‌బుక్‌లో రాయండి. రాయనివాళ్లు మూడు నెలల తర్వాత కూడా అదే డబ్బా, అదే గీత దగ్గర ఉండటం చాలాసార్లు చూశాను.

డబ్బా నిండిపోయి ఇంకా తేలికగా ఉంటే రెండు చేతులతో ఎత్తి ఒక్క చేత్తో నెమ్మదిగా దించండి. దించేటప్పుడు కండ ఎత్తేటప్పటి కంటే ఎక్కువ బరువు ఆపగలదు.

మొదటి వారం ఒళ్లునొప్పులు ఉంటాయి. చేసిన మర్నాడు మొదలై రెండో రోజుకు పెరిగి మూడో రోజుకో నాలుగో రోజుకో పోతాయి. కండ మధ్యలో సలుపు మామూలే. కీలు దగ్గర గుచ్చినట్టు నొప్పి మామూలు కాదు.

అక్కడి నుంచి మీ మోచేతి దగ్గరికి వస్తున్నాను. నేను చూడకుండా నిర్ధారణ చేయలేను గానీ, మీరు చెప్పిన గుర్తులు టెన్నిస్ ఎల్బో అనే దానికి దగ్గరగా ఉన్నాయి. టెన్నిస్ ఆడక్కర్లేదు. మణికట్టును వెనక్కి ఎత్తే కండలు చాలావరకు మోచేయి బయటి ఎముక మీద ఒకే చోట అతుక్కుని ఉంటాయి. దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడల్లా అవి మణికట్టును నిలబెట్టడానికి బిగుసుకుంటాయి. నిండు బాటిల్ లావుగా, నున్నగా ఉంటుంది, జారిపోకుండా వేళ్లు విడిచి గట్టిగా నొక్కాలి. అలా రోజుకు వందసార్లు, రెండు నెలలంటే ఆరు వేల సార్లు. బైసెప్స్‌కు చాలని బరువే ఆ చిన్న అతుకుకు ఎక్కువైంది. తడి గుడ్డ పిండేటప్పుడో, అరచేయి కిందికి పెట్టి కప్పు ఎత్తేటప్పుడో అదే చోట నొప్పి వస్తే అనుమానం బలపడుతుంది.

బాటిల్ పట్టుకోవడం మానేసి పిడి ఉన్న డబ్బాకు మారండి. పూర్తిగా విశ్రాంతి ఇచ్చేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, కాబట్టి దానికి తగినంత పని ఇవ్వాలి. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి చూస్తూ మణికట్టు అంచు దాటి వేలాడేలా పెట్టండి. అర కిలో బాటిల్‌ను ఎడమ చేతి సాయంతో పైకి లేపి, కుడి మణికట్టుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ దించండి. 15 చొప్పున మూడు సెట్లు, రోజు విడిచి రోజు. చేస్తున్నప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మొదటి స్థితికి రావాలి. రాకపోతే బరువు తగ్గించండి. ఇది వారాల్లో, ఒక్కోసారి నెలల్లో తగ్గే నొప్పి, తొందరపడకండి. వేళ్లలో తిమ్మిరి, వాపు, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, టప్‌మని శబ్దం వచ్చి ఒక్కసారిగా బలం పోవడం, వీటిలో ఏదున్నా నా సమాధానం పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి.

కొవ్వు విషయంలో మీకు నచ్చని మాట చెప్పాలి. ఎక్కడి కండకు పని పెడితే అక్కడి కొవ్వు కరగదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల మీద ఒక పరిశీలన జరిగింది. ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేతి కండ రెండో చేతి కంటే లావుగా ఉంది గానీ, చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంది. ఒంటి కొవ్వు మొత్తంగా తగ్గితే చేతులదీ తగ్గుతుంది, ఏ భాగంలో ముందు తగ్గాలన్నది మన చేతిలో లేదు. ట్రైసెప్స్ పెరిగితే మాత్రం ఆ వదులు కొంత నిండి, చేయి బిగువుగా కనబడుతుంది. చాలామందికి కావాల్సింది అదే.

అమ్మగారి సంగతికి నేను సంతోషించాను. ఆవిడకు మీకంటే ఎక్కువ అవసరం. ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ వస్తుంది, అరవై తర్వాత వేగం పెరుగుతుంది. డబ్బా మూత తిప్పలేకపోవడం, కుర్చీ చేతులు పట్టుకోనిదే లేవలేకపోవడం అందులోంచి వచ్చేవే. వయసైపోయాక కండ బలపడదనే భయం అక్కర్లేదు. 1990లో అమెరికాలో వృద్ధాశ్రమంలో ఉండే, సుమారు 90 ఏళ్ల వయసున్న పదిమందికి ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయిస్తే, పూర్తి చేసిన తొమ్మిది మందికి బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. పెద్దవాళ్లతో సహా అందరూ వారానికి కనీసం రెండు రోజులు కండలకు పనిచెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది.

ఆవిడ చేత గోడ పుషప్స్, కుర్చీలో కూర్చుని అర లీటరు బాటిల్‌తో కర్ల్, చిన్న సంచితో రో చేయించండి. బాటిల్‌కు ఒక సాక్స్ తొడిగితే జారదు. తలపైకి ఎత్తేవి మొదట్లో వద్దు. నేల తడిగా లేకుండా చూడండి. ఆవిడ ఊపిరి బిగబడుతున్నారేమో గమనించడం అన్నిటికంటే ముఖ్యం. బిగబట్టి ఎత్తితే ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు గట్టిగా అంకెలు లెక్కపెట్టమనండి. మాట్లాడుతూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టలేరు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఈమధ్య కంటికో పొట్టకో ఆపరేషన్ జరిగి ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. మధ్యలో ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా ఆపేయాలి, ‘ఈ ఒక్క సెట్’ అనకూడదు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. కండ పెరగాలంటే రోజుకు ఒంటి బరువులో కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ ఉండేలా చూసుకోండి. 60 కిలోల మనిషికి 72 నుంచి 96 గ్రాములు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్ల డాక్టర్ చెప్పిందే. నిద్ర తక్కువైన వారం నోట్‌బుక్‌లో అంకెలు కిందికి పోతాయి, మీరే చూస్తారు.

ఎన్నాళ్లకు కనబడుతుందని మీరు అడగలేదు గానీ, చెబుతాను. మొదటి మూడు నాలుగు వారాల్లో బలం గబగబా పెరుగుతుంది, కానీ కొలత మారదు. అప్పుడు నేర్చుకుంటున్నది ఎక్కువగా నరాలు, ఉన్న కండనే ఇంకా బాగా వాడటం. అద్దంలో తేడాకు రెండు మూడు నెలలు పడుతుంది. టేపుతో కొలిస్తే నెలకోసారే కొలవండి, అదీ వ్యాయామానికి ముందు, అదే చేయి, భుజానికి మోచేతికి సరిగ్గా మధ్యలో. చేసిన వెంటనే కొలిస్తే రక్తం నిండి అర సెంటీమీటరు ఎక్కువ చూపిస్తుంది. ఆ సంతోషం గంటలో పోతుంది.